సైదాబాద్‌లో చదివి వినిపించిన నవల

రెండువేల పదకొండు మార్చి నెలలో ఒక సోమవారం ఇందు తన మొదటి నవల ప్రతులు మూడింటిని ముగ్గురు ప్రచురణకర్తలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. అదే వారం గురువారం నాడు, రెండో నెల అని డాక్టరమ్మ చెప్పింది. భర్త శ్రీధర్ ఆ మాట విని నవ్వాడు.

"రెండూ ఒక్కపారే మొదలైనయ్ నీకు. ఏది ముందొస్తదో చూద్దాం."

"బిడ్డకైతే ఒక తారీఖు చెప్పిండ్రు. నవలకు గదీ చెప్పలే," అంది ఇందు.

ఆమెకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. పోచంపల్లి దగ్గరి నేత కుటుంబంలో పుట్టింది. రోజూ బస్సులో ఎల్బీ నగర్ దాకా వచ్చి డిగ్రీ చదివి, ఆ తర్వాత టైపింగ్ నేర్చుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డీటీపీ షాపులో పనికి కుదిరింది. కోచింగ్ సెంటర్లకు మెటీరియల్ తయారుచేసే షాపు అది. రాజ్యాంగ ప్రవేశికను ఆమె ఎన్నిసార్లు టైపు చేసిందో లెక్కలేదు. శ్రీధర్‌ది కూడా నేత కుటుంబమే. అదే రోడ్డులో పెద్ద చీరల దుకాణంలో సేల్స్‌మన్. అతని తల్లి అంజమ్మతో కలిసి ముగ్గురూ కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లు.

నవల రాయడానికి ఇందుకు మూడేళ్లు పట్టింది. షాపులో చెడిపోయిన ప్రింట్ కాగితాలను ఇంటికి తెచ్చుకుని, ఖాళీగా ఉన్న వెనక వైపు రాసేది. ఒక పక్క గ్రూప్-టూ ప్రశ్నలు, ఇంకో పక్క సత్తెమ్మ అనే నేతకారు ఆడమనిషి జీవితం. పొద్దున బియ్యం కుక్కర్‌లో పెట్టి, మూడు విజిళ్లు వచ్చేలోపు ఎంత రాస్తే అంత. నవల పేరు 'చిటికి'. నూలును రంగులో ముంచే ముందు, రంగు అంటకూడని చోట దారంతో బిగించి కట్టడాన్ని వాళ్ల ఊళ్లలో చిటికి కట్టడం అంటారు. షాపు యజమాని వెంకటేశ్వరరావు గుడివాడ వైపు నుంచి వచ్చి పాతికేళ్ల కిందట ఇక్కడ స్థిరపడ్డవాడు. మధ్యాహ్నం భోజనం వేళలో కంప్యూటర్ మీద నవల టైపు చేసుకోవడానికి ఆయనే ఒప్పుకున్నాడు.

పంపడమైతే పంపింది. ఆ తర్వాత ఎదురుచూపు అంటే ఏమిటో ఆమెకు తెలిసొచ్చింది. పోస్ట్‌మన్ సైకిల్ గంట వినబడితే చేతిలో పని వదిలేసి గేటు దగ్గరికి వెళ్లేది. వేవిళ్లతో తల ఎత్తలేని రోజుల్లో కూడా వెళ్లేది. తెలంగాణ ఉద్యమం రోజులు కావడంతో వారానికొక బంద్, రెండు రోజులకొక ర్యాలీ. బంద్ రోజున ఉత్తరం రాకపోతే, బంద్ కాబట్టి రాలేదని ఆమె సర్దిచెప్పుకునేది. మర్నాడు కూడా రాకపోతే ఇక ఏ సాకూ దొరికేది కాదు.

జూన్‌లో ఒక ప్రతి తిరిగొచ్చింది. ప్రస్తుతం నవలలు వేయడం లేదని రెండు వాక్యాల అచ్చు ఉత్తరం. కవరు మీద తాను రాసిన చిరునామానే కొట్టేసి తన పేరు రాశారు. ఇందు ఆ కట్టను బట్టల బీరువాలో పెట్టి, ఆ పూట చిక్కుడుకాయ వండింది. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. అంజమ్మ ఒక్క ముద్ద తిని కోడలి ముఖం చూసి, ఉప్పు డబ్బా తెచ్చుకుని తన కంచంలో కలుపుకుంది.

జూలైలో విజయవాడ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది పట్టాభి అనే సంపాదకుడు. ఆయన గొంతులో పెద్దమనిషి తరహా ఉంది.

"నవల మొత్తం చదివానమ్మా. కథ చాలా బాగుంది. సత్తెమ్మ పాత్ర నన్ను వదలడం లేదు. మేం వేస్తాం. అయితే సంభాషణలు మాత్రం మార్చాలి. అన్ని జిల్లాలవాళ్లూ చదవాలి కదా. ఇలా మాండలికంలో ఉంటే పాఠకుడు రెండో పేజీలోనే పుస్తకం మూసేస్తాడు. మామూలు తెలుగులో రాసి నెలలో పంపించు."

ఇందు నెల గడువు తీసుకుని ఫోన్ పెట్టేసింది. వేస్తామని ఒకరు అనడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. శ్రీధర్‌కు చెబితే ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"మార్చెయ్ ఇందూ. కథ నీదే గద. మాటలే గదా మారేది. పుస్తకం మీద నీ పేరుంటది."

అదీ నిజమే అనిపించింది. మర్నాడే కూర్చుని రెండో అధ్యాయంలో సంభాషణలన్నీ మార్చింది. ఎక్కడో ఏదో గుచ్చుకుంటోంది గానీ ఏమిటో తెలియలేదు. సాయంత్రం కరెంటు పోతే అందరూ వాకిట్లో కూర్చున్నారు. అంజమ్మకు చదువు రాదు. కోడలు మూడేళ్లుగా ఏదో రాస్తోందని తెలుసు గానీ ఏం రాస్తోందో ఎన్నడూ అడగలేదు.

"అత్తమ్మా, జర ఇంటవా?" అని ఇందు ఆ అధ్యాయం చదివింది.

అంజమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని సగం దాకా విని, చెయ్యి తీసేసింది.

"గిదెవరే మాట్లాడేది?"

"సత్తెమ్మ, అత్తమ్మా."

"మగ్గం నేసే సత్తెమ్మనా? మరి టీవీల వార్తలు చెప్పే పిల్ల లెక్క మాట్లాడ్తదేంది? మొగడు జుట్టు పట్టుకుని గుంజుతుంటె 'దయచేసి నన్ను వదిలిపెట్టండి' అంటదా ఎవలన్న?"

శ్రీధర్ పకపకా నవ్వాడు. ఇందు నవ్వలేదు. లోపలికి వెళ్లి మార్చకముందు కాగితాలు తెచ్చి అదే ఘట్టం మళ్లీ చదివింది. ఈసారి అంజమ్మ మధ్యలో మాట్లాడలేదు. అయిపోయాక మాత్రం, "గీమె మా చిన్నమ్మ లెక్కుంది," అంది.

ఇందు రెండు వారాలు ఆగింది. ఆ రెండు వారాల్లో ఆమె మనసు ఒక్క తీరుగా లేదు. పొద్దున ఒద్దనుకుంటే మధ్యాహ్నానికి ఒప్పుకుందామనిపించేది. చివరికి విజయవాడకు ఫోన్ చేసింది.

"సార్, మీరు చెప్పినట్టు ఒక అధ్యాయం మార్చి చూసిన. మా అత్తమ్మకు చదివితే సత్తెమ్మను గుర్తుపట్టలె. మార్చకుంట ఏస్తరా సార్?"

"వేయలేనమ్మా. నా ఇబ్బంది కూడా అర్థం చేసుకో."

"అర్థమైంది సార్. మరి నా కాపీ వాపస్ పంపుండ్రి. మళ్ల ప్రింటు తీసుడు కష్టమైతది."

ఫోన్ పెట్టేశాక స్నానాల గదిలోకి వెళ్లి నల్లా విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

శ్రీధర్ ఆ తర్వాత రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. అంజమ్మ మాత్రం మర్నాడు సాయంత్రం చాప వేసుకుని కూర్చుని, "ఊఁ, చదువు. ఆమె మొగడు ఏంజేసిండు?" అంది. అట్లా ఆ ఇంట్లో నవల చదవడం మొదలైంది. శ్రీధర్ దుకాణం నుంచి వచ్చేసరికి ఆ రోజు చదువు అయిపోయేది.

పదిహేడో అధ్యాయం దగ్గర అంజమ్మ ఆపింది. అందులో సత్తెమ్మ నిండు చూలాలు. తొమ్మిదో నెలలో, కాళ్లు నేలలోకి దించే గుంట మగ్గంలో కూర్చుని చీర నేస్తూ, చివరి పోగు వేసేసరికి నొప్పులు మొదలవుతాయి. ఇందుకు ఆ అధ్యాయమంటే ఎంతో ఇష్టం. రాసిన రోజున తన కళ్లే చెమర్చాయి.

"తొమ్మిదో నెలల గుంటల దిగుతదా? కడుపు ముందటి కర్రకు తగల్దా?" అంది అంజమ్మ. "నీ కడుపు చూస్కో. నువ్వు కింద కూసొని లేవనీకెనే గోడ పట్టుకుంటున్నవ్."

ఇందు తన ఆరో నెల కడుపు మీద చెయ్యి వేసుకుంది. నిజమే. ఆ అధ్యాయం తాను కడుపుతో లేనప్పుడు రాసింది. గుండెల్లో మంట, ఉన్నట్టుండి వచ్చే ఆకలి, లోపల చేపపిల్ల కదిలినట్టు కదలడం, వీటిలో ఒక్కటీ లేదు అందులో. ఉన్నదంతా ఊహ.

"మరి ఏం చేసేటోళ్లు అత్తమ్మా?"

"ఆసు పోసేటోళ్లం," అంది అంజమ్మ. చీరకు కావలసిన దారాన్ని అర్ధచంద్రంలా ఉన్న చెక్క చట్రం మేకుల చుట్టూ చేత్తో తిప్పడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఊగాలి. ఆ పని ఆడవాళ్లదే. "శ్రీధర్ కడుపుల ఉన్నప్పుడు నొప్పులొచ్చేదాంక పోసిన. చెయ్యి ఆడినంతసేపు లోపల మంచిగ పండేటోడు. చెయ్యి ఆపితె తన్నుడు షురూ. వీడు తన్నకుంట ఉండాలని గూడ పోసిన కొన్ని దినాలు. భుజం పోయింది, గది వేరే ముచ్చట."

తర్వాత మూడు వారాలు ఇందు పదిహేడో అధ్యాయాన్ని మొదటి నుంచీ రాసింది. పాత దాంట్లో ఒక్క వాక్యం కూడా ఉంచలేదు. ఆ సరికి సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్లు ఆగిపోయి కోచింగ్ సెంటర్లు వెలవెలబోతున్నాయి. షాపులో పని లేదు. వెంకటేశ్వరరావు ఆమెను ఇంటి దగ్గరే విశ్రాంతి తీసుకోమన్నాడు.

"తాళంచెవి ఒకటి నీ దగ్గరుంచుకో. కంప్యూటర్ కావాల్సినప్పుడు తీసుకో," అని, "మమ్మల్ని కూడా వెళ్లిపొమ్మంటారంటావా అమ్మాయ్?" అని అడిగాడు.

"మీరెందుకు పోతరు సార్? మాకు రాష్ట్రం గావాలె, మీరు పోవుడు గాదు. మీరు పోతే నా నవల ఎవరి కంప్యూటర్ల ఉంటది?"

ఆయన నవ్వుకుంటూ ఆమె కోసం కుర్చీలో ఒక దిండు వేశాడు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోంచి కదలలేదు. బడులు, ఆఫీసులు మూతబడ్డాయి. ఇందుకు ఎనిమిదో నెల. మూడో ప్రచురణకర్త నుంచి మాత్రం ఆరు నెలలుగా ఏ కబురూ లేదు. ఆమె పేరు లలితకుమారి. తెలుగు లెక్చరర్‌గా రిటైరై, సైదాబాద్‌లో తన ఇంటి ముందు గదినే కార్యాలయం చేసుకుని, ఏడాదికి రెండు పుస్తకాలు వేస్తుందని ఇందు వింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"కొత్త పదిహేడు ఇచ్చొస్త. పాతది చదివితే పరువు పోతది," అని ఇందు బయల్దేరింది. ఒంటరిగా పంపడం ఇష్టంలేక అంజమ్మ కూడా వెంట నడిచింది. మలక్‌పేట వైపు పోయే ఒక ఆటో దిల్‌సుఖ్‌నగర్ దాకా దొరికింది. అక్కణ్నుంచి నడక. ప్రతి రెండు సందులకూ ఒకసారి ఏదో ఒక అరుగు మీద కూర్చుంటూ సైదాబాద్ చేరేసరికి పదకొండు దాటింది.

తలుపు తీసిన ఆవిడకు డెబ్బై ఏళ్లుంటాయి. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఎవరండీ?"

"నేను ఇందును మేడమ్. మార్చిల నవల పంపిన."

"మార్చిలోనా? నాకు మే నుంచీ కళ్లు సరిగ్గా కనిపించడం లేదమ్మా. ఒక కంటికి శుక్లం ఆపరేషనైంది. రెండోదానికి నవంబరులో. అప్పటిదాకా అక్షరాల జోలికి వెళ్లొద్దన్నారు. వచ్చినవన్నీ అదిగో, ఆ బల్ల మీదున్నాయి. నీది చూసుకో."

బల్ల మీద కట్టలన్నీ తిరగేస్తే అడుగున దొరికింది. కవరుకు తాను అంటించిన టేపు అంటించినట్టే ఉంది. ఇందు అక్కడే ఉన్న పీట మీద కూర్చుంది. ఆరు నెలలు ఆమె గేటు దగ్గర నిలబడింది ఎవరూ విప్పని ఈ కవరు కోసం.

"ఆర్నెల్ల సంది గీడనే పడున్నదా?" అని అంజమ్మ గొంతు పెంచింది. లలితకుమారి ముఖం నిజంగానే చిన్నబోయింది. ఇందు అత్త చెయ్యి పట్టి ఆపి, కవరు చించింది.

"మేడమ్, మీరు చదవొద్దన్నరు గని ఇనొద్దనలేదు గద. నేను చదువుత. మీరు ఇనుండ్రి."

"నువ్వా? ఈ ఒంటితోనా? ఎక్కణ్నుంచి వస్తావు?"

"కొత్తపేట నుంచి."

"బస్సులు లేవుగా!"

"డాక్టరమ్మ రోజూ నడవమన్నది మేడమ్. ఇటు దిక్కే నడుస్త."

లలితకుమారి పడక కుర్చీలో వెనక్కి వాలింది. "నేను మొహమాటపడే మనిషిని కాదు. నచ్చకపోతే మధ్యలోనే ఆపేయమంటాను. సరేనా?"

"సరే మేడమ్. మా అత్తమ్మ గూడ గంతే."

రోజు విడిచి రోజు అత్తాకోడళ్లు సైదాబాద్ వెళ్లారు. లలితకుమారి పడక కుర్చీలో కళ్లు మూసుకుని వినేది. మాట తెలియకపోతే చెయ్యెత్తి ఆపేది. చిటికి అంటే ఏమిటో ఇందు చెప్పబోతే, అంజమ్మ పక్కకు జరిగి తన కొంగు అంచు నుంచి దారం లాగి ఆవిడ వేలికి బిగించి కట్టి, "ఇగో, గిక్కడ రంగు అంటదు," అని చూపించింది. అయిదో అధ్యాయం సాగిందని లలితకుమారి అంటే ఇందు అక్కడికక్కడే పెన్సిల్‌తో రెండు పేజీలు కొట్టేసింది. వీధిలో ఊరేగింపు వస్తే చదువు ఆపి, నినాదాలు దూరమయ్యాక మళ్లీ అందుకునేది. ఒకసారి అంజమ్మ లేచి గేటు దాకా వెళ్లి, ఎడమ చెయ్యెత్తి రెండుసార్లు జై తెలంగాణ అని, వచ్చి కూర్చుంది. "నువ్వు చదువు, నువ్వు చదువు," అంది కోడలితో.

పదో అధ్యాయం అయిన రోజున ఇందు ధైర్యం చేసి అడిగింది. "మాటలు మార్చాల్నా మేడమ్?"

"నాకు తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆపాను కదా. ఇప్పటికి ఎన్నిసార్లు ఆపాను?"

"ఆరు సార్లు."

"తెనాలి దగ్గర పుట్టినా నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో కూరగాయలు కొంటున్నాను. ఇంకా ఆరు మాటలు నాకు తెలియకపోతే ఆ తప్పు నాది. నువ్వు చదువు."

పదహారో అధ్యాయం అయిన మర్నాడు మధ్యాహ్నం ఇందుకు నొప్పులు వచ్చాయి. ఎల్బీ నగర్‌లో దవాఖానకు తీసుకెళ్లారు. పొద్దు గుంకే వేళకు ఆడపిల్ల పుట్టింది. డాక్టర్ చెప్పిన తేదీకన్నా రెండు వారాలు ముందు. పిల్ల బరువు కాస్త తక్కువైనా గొంతు మాత్రం వార్డంతా వినబడింది.

మరుసటి రోజు ఇందు మంచం మీద నుంచే శ్రీధర్‌తో అంది. "ఇయ్యాల మేడమ్ ఎదురు చూస్తుంటది. నువ్వు పోయి చదివిరా. నాలుగే ఉన్నయ్."

"నేనా? నాకేమొస్తది చదువుడు?"

"దినమంతా చీరలు చూపెట్టుకుంట మాట్లాడ్తవ్. గీ నాలుగు అధ్యాయాలు చదవలేవా?"

శ్రీధర్ ఆ నవలలో ఒక్క పేజీ కూడా అంతకుముందు చదవలేదు. సైదాబాద్ వెళ్లి, ఇబ్బందిగా కుర్చీ అంచున కూర్చుని, పదిహేడో అధ్యాయం మొదలుపెట్టాడు. గిరాకీల ముందు చీరల మడతలు విప్పి చూపే మనిషి కాబట్టి గొంతు స్పష్టంగానే ఉంది. సత్తెమ్మ నిండు కడుపుతో ఆసు పోస్తోంది. చెయ్యి ఆపితే లోపల పిల్లవాడు తంతున్నాడు. భుజం నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా వాడు నిద్రపోవాలని చెయ్యి ఆడిస్తూనే ఉంది.

శ్రీధర్ ఆగిపోయాడు. తన తల్లి కుడి చెయ్యి తలకంటే పైకి లేవదని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎందుకో ఎన్నడూ అడగలేదు.

"ఏమైంది బాబూ? గొంతు పట్టేసిందా?" అని అడిగింది లలితకుమారి.

"లేదు మేడమ్. గీ కడుపుల ఉన్న పిలగాడు నేనే."

ఆవిడ లేచి తడుముకుంటూ వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. అతను తాగి, మిగిలినదంతా ఒక్క బిగిన చదివేశాడు. చివరి కాగితం కింద పెట్టాక లలితకుమారి నల్ల కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మీ ఆవిడతో చెప్పండి, వేస్తున్నానని," అంది.

శ్రీధర్ దవాఖానకు తిరిగొచ్చేసరికి ఇందు బిడ్డకు పాలిస్తోంది. "ఏస్తదంట," అన్నాడు ఆయాసంతో.

ఇందు తల ఎత్తి, "పదిహేడు ఎట్లుందన్నది?" అంది.

"ఆమె ఏమన్నదో నాకు యాది లేదు," అంటూనే అతను పక్క బెంచీ మీద కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్లి ఆమె కుడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఏందిరా?" అంది అంజమ్మ. అతను ఏమీ లేదన్నాడు.

పుస్తకం ఫిబ్రవరిలో వచ్చింది. వేసింది అయిదు వందల ప్రతులు. అవి అమ్ముడుపోవడానికి రెండేళ్ల పైన పట్టింది. పేపర్లలో రెండు సమీక్షలు వచ్చాయి, ఒకటి మెచ్చుకుంటూ, ఒకటి సణుగుతూ. పట్టాభి ఒక కార్డు రాశాడు. భాష విషయంలో తన అభిప్రాయం మారలేదనీ, అయితే పదిహేడో అధ్యాయం మాత్రం భార్యకు చదివి వినిపించాననీ. ఆ తర్వాత ఇందు మరో రెండు నవలలు రాసింది. రెండింటినీ అచ్చుకు ముందు చాప మీద కూర్చుని అత్తకు చదివి వినిపించింది. ఈసారి శ్రీధర్ కూడా విన్నాడు.

రచయితకు ఇచ్చే పాతిక 'చిటికి' ప్రతులు ఆటోలో ఇంటికి వచ్చిన రోజున అంజమ్మ కట్ట విప్పి ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇందు ఇంకొకటి తెరిచి, నలభై మూడో పేజీ దగ్గర అయ్యో అంది. సత్తెమ్మ నూలు ఆరబెడుతోందని ఉండాల్సిన చోట నూనె ఆరబెడుతోందని పడింది. ప్రూఫులు దిద్దింది తానే. కాసేపు తనను తాను తిట్టుకుని, తర్వాత నవ్వి, నల్ల ఇంకు పెన్ను తీసుకుని ఒక్కో ప్రతిలో నలభై మూడో పేజీ దిద్దడం మొదలుపెట్టింది.

"కొత్త పుస్తకం మీద గా గీతలేందే? పిల్ల లేస్తున్నది," అంది అంజమ్మ ఇరవై మూడో ప్రతి దగ్గర.

"రెండే ఉన్నయ్ అత్తమ్మా. అయిపాయె."

అంజమ్మ మూడు నెలల మనవరాలిని ఎడమ భుజాన వేసుకుని, ఆ రెండూ అయ్యేదాకా వాకిట్లో అటూ ఇటూ తిప్పింది.